"లెక్కగట్టుడే తప్పు" అన్న కాకా

కాకా పోయిన సంగతి నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది. అశోక్ చౌక్ దగ్గర టవల్ కార్ఖానా నడిపే ఒకాయన, మగ్గం కంట్రోల్ డబ్బా పాడైందని మా వర్క్‌షాపుకు తెచ్చాడు. బల్ల మీద పెట్టి, చుట్టూ చూసి నిట్టూర్చాడు.

"మీ కాకా ఉంటే గడియల జేసి ఇస్తుండె. పాపం, పోయిండు గదా."

"ఎవరు పోయింది?" అన్నాను.

"గదేందమ్మా, మీ తాన కోడ్ జూస్తుండె, గా కుంభారి కాకా. హార్ట్ ఎటాక్ అట. నీకు తెల్వదా? గింత దగ్గరున్నోళ్లకు తెల్వకుంటె ఎట్ల?"

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. నేను రాసిన కోడ్‌ను ఆయన పెన్సిల్ గీతతో వెనక్కి పంపినప్పుడల్లా వచ్చేదే, అదే కోపం. మనిషే లేకపోయాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ డబ్బా మూత విప్పుతూ కూర్చున్నాను. రెండు స్క్రూలు కిందపడి దొరకలేదు.

ఆయన పేరు రాయను. బతికుంటే "ఎందుకు రాసినవ్, తీసెయ్" అనేవాడు. వర్క్‌షాపు యజమాని మాలక్‌తో సహా అందరం కాకా అనే పిలిచేవాళ్లం.

మాది ఈ మరాఠీ ఊళ్లో, బొమ్మలు నేసే జకార్డ్ మగ్గాలకు కంట్రోల్ డబ్బాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపు. చద్దర్ దుప్పటి మీద నెమలి రావాలంటే ఏ పోగు లేవాలి, ఏ పోగు దిగాలి అని మగ్గానికి ఒక్కో వరుసా చెప్పాలి. ఒకప్పుడు చిల్లులు కొట్టిన అట్టలు చెప్పేవి. ఇప్పుడు మా డబ్బాలోని చిప్ చెబుతుంది. ఆ చిప్‌ను నడిపే కోడ్‌ను మేం సీ అనే కంప్యూటర్ భాషలో రాస్తాం. కాకా అంతకు ముందు పవర్‌లూమ్ కార్ఖానాల్లో జాబర్. అంటే మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. డబ్బాలు వచ్చిన కొత్తలో తోటి జాబర్లంతా వాటిని తిట్టుకుంటూ తిరిగితే ఈయన ఒక్కడూ దాని లోపల ఏముందని అడిగాడట. ఆ అడగడం ఆయన్ను సీ భాష దాకా తీసుకుపోయింది. మరాఠీ మీడియంలో పదో తరగతి తప్పిన మనిషి. ఆ భాష నియమాలన్నీ ఇంగ్లీషులో ఉన్న ఒక లావుపాటి జెరాక్స్ కట్టను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా విడదీసి చదివాడు. నేను చేరేనాటికి ఆ కట్ట అంచులు మెత్తబడి బట్టలా వేలాడుతుండేవి.

నేనేమో ఇంజనీరింగ్ డిగ్రీతో వచ్చాను. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో, మా సందులో అలాంటి డిగ్రీ తెచ్చిన మొదటి ఆడపిల్లను. మా అమ్మ బీడీలు చుడుతూనే నన్ను చదివించింది. వర్క్‌షాపులో చేరిన మొదటి రోజు మాలక్ నాకో నియమం చెప్పాడు: ఎవరు ఏ కోడ్ రాసినా కాకా చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాకే అది చిప్‌లోకి వెళ్లాలి. పదో తరగతి తప్పిన జాబర్ నా కోడ్ దిద్దుతాడట! ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పుకుని విసుక్కున్నాను.

కాకా తెర మీద కోడ్ చదివేవాడు కాదు. కాగితం మీద ప్రింట్ తీసి ఇవ్వాలి. కూర్చునే ముందు చెప్పులు విప్పి పక్కన పెట్టేవాడు, మగ్గం ముందు కూర్చునే అలవాటు అది. కళ్లజోడు కాడ విరిగితే నూలుపోగుతో కట్టుకున్నాడు, మార్చనే లేదు. ఎడమచేతి చూపుడువేలు ఒక్కో పంక్తి మీదా జరిగేది. కుడిచేతిలో పెన్సిల్. చిల్లులు కొట్టకుండా మిగిలిపోయిన పాత జకార్డ్ అట్టలు ఆయన దగ్గర బస్తాడు ఉండేవి. వాటి మీద గడులు గీసేవాడు. చిప్ జ్ఞాపకశక్తి అంటే వరుసగా ఉన్న గడులే. పాయింటర్ అంటే వాటిలో ఒక గడి చిరునామా. పాయింటర్‌కు ఒకటి కలిపితే పక్క గడి, ఒకటి తీసేస్తే వెనక గడి. ఈ కూడిక, తీసివేతల దగ్గరే ఆయనకూ నాకూ పడేది కాదు.

మొదటి వారంలోనే పడలేదు. టవల్ అంచుల్లో ఒక డిజైన్ కుడివైపు ఎలా ఉంటే ఎడమవైపు దానికి అద్దంలో బొమ్మలా రావాలి. అందుకని డిజైన్‌ను చివరి గడి నుంచి మొదటి గడి దాకా వెనక్కి చదివే కోడ్ రాశాను. పాయింటర్ ఒక్కో గడీ వెనక్కి వస్తుంది. మొదటి గడి కన్నా వెనక్కి వెళ్లగానే పని ఆగుతుంది. నడిపి చూశాను, టవల్ చక్కగా వచ్చింది. కాకా మాత్రం ఆ పంక్తి కింద గీత గీసి వెనక్కి ఇచ్చాడు.

"కాకా, నడుస్తున్నది. జూడున్రి," అని టవల్ ముక్క తీసుకెళ్లి చూపించాను.

"నడుస్తది. నడవదని నేనన్ననా?"

"మరేంది?"

ఆయన అట్ట తీసి ఆరు గడులు గీశాడు. ఎడమచేతి వేలు ఆరో గడి మీద పెట్టి వెనక్కి జరుపుతూ వచ్చాడు. మొదటి గడి దగ్గర ఆగి నా వంక చూశాడు.

"ఇప్పుడు వేలు యాడికి బోతది?"

"ఇంకొకటి వెన్కకు. గప్పుడే ఆగుతది."

"గాడ గడి ఉన్నదా?"

"లేదు. కానీ గాడ నేనేం చదువుత లేను కాకా. ఉత్త పాయింటరే బోతది."

"చదువుడు దాక ఎందుకు బిడ్డా. లెక్కగట్టుడే తప్పు."

ఆ మాట నేను ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. సీ భాష నియమం నిజంగానే అంత కఠినం. వరుసలో గడులుంటాయి. చివరి గడి తర్వాతి ఒక్క చోటు దాకా పాయింటర్‌ను లెక్కగట్టవచ్చు, అక్కడున్నదాన్ని చదవకూడదంతే. మొదటి గడికి వెనక ఆ ఒక్క చోటు కూడా లేదు. ఈ హద్దులు దాటి పాయింటర్‌ను లెక్కగడితే చాలు, చదవకపోయినా సరే, ఆ తర్వాత ప్రోగ్రాం ఏం చేస్తుందో భాష చెప్పదు. నడవవచ్చు, నడవకపోవచ్చు. దాన్ని అన్‌డిఫైన్డ్ బిహేవియర్ అంటారు. కాకా దానికి "మాటియ్యని జాగా" అని పేరు పెట్టుకున్నాడు.

"ఏమైతది కాకా, ఇంత చిన్నదానికి?" అంటే ఆయన అడిగేది ఒకటే ప్రశ్న.

"ఎవల మాట మీద?"

"టెస్ట్ జేసిన గదా."

"నువ్వు జూసింది ఇయ్యాల్టి దినం. రేపటికి మాటెవలిచ్చిన్రు?"

చివరికి ముందు పాయింటర్‌ను మొదటి గడితో పోల్చి, అక్కడే ఉంటే ఆగి, లేకపోతేనే ఒక అడుగు వెనక్కి వేసేలా తిరగరాశాను. మారింది రెండు పంక్తులే. టవల్ మునుపటిలాగే వచ్చింది, పోగు కూడా తేడా లేదు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది.

ఆయనతో పని చేసిన ఐదేళ్లూ ఇదే వరుస. ఆయన ఎప్పుడూ గొంతు పెంచలేదు. నాతో తెలుగులో, మాలక్‌తో మరాఠీలో మాట్లాడేవాడు. చిప్‌ను తిట్టేటప్పుడు మాత్రం హిందీలోకి మారేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టెలో షేంగా చట్నీ పెట్టుకుని తింటూ కూడా నా ప్రింట్ కాగితం చూస్తుండేవాడు. అందుకే నా కోడ్ ఎప్పుడూ పల్లీ కారం మరకలతో తిరిగొచ్చేది. నేను గట్టిగా వాదిస్తే జవాబు చెప్పకుండా అట్ట, పెన్సిల్ నా వైపు తోసేవాడు. గడులు నేనే గీయాలి, వేలు నేనే జరపాలి, తప్పు నా నోటితోనే చెప్పాలి. ఒకసారి విసుగుపుట్టి అట్ట చింపేశాను. ఆయన బస్తాలోంచి ఇంకోటి తీసి ఇచ్చాడు.

ఇక అసలు సంగతి.

డిజైన్లు మగ్గం దగ్గరికి పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి. ఫైలు మొదట్లో డిజైన్ పొడవెంతో రాసి ఉంటుంది. ఒక్కోసారి ఫైలు పాడై ఆ పొడవు పిచ్చి అంకె అవుతుంది. అలాంటి ఫైలును డబ్బా వద్దనాలి. నేను ఆ జాగ్రత్త తీసుకున్నాను. పాయింటర్‌కు పొడవు కలిపి చూశాను. వచ్చింది చివరి గడిని దాటితే ఫైలు వద్దని రాశాను. అంకె మరీ పెద్దదైతే కూడిక, గడియారం ముల్లు పన్నెండు దాటినట్టు, చుట్టు తిరిగి మొదటికి వస్తుంది కాబట్టి, వచ్చింది పాయింటర్ కన్నా వెనకబడినా వద్దని ఇంకో పరీక్ష చేర్చాను. ఆ రెండో పరీక్ష తట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

కాకా సరిగ్గా దాని కిందే గీత గీశాడు.

"గిది తప్పు ఫైలును పట్టనీకే పెట్టిన కాకా! మీరు దీన్నే కొట్టేస్తె ఎట్ల?"

"పట్టనీకే నువ్వే వరుస దాటినవ్. దాటినంక దాటిన్నా అని అడుగుతున్నవ్. గట్ల గాదు. చివరి జాగలకెళ్లి ఇప్పుడున్న జాగ తీసెయ్. ఎన్ని గడులు మిగిలినయో తెలుస్తది. పొడవు గంతకంటె ఎక్కువున్నదా, వద్దను. పాయింటర్‌ను కదిలియ్యకు."

ఆయన చెప్పింది ఒక్క పంక్తి మార్పు. నిజానికి నాదానికన్నా చిన్నది. కానీ ఆ వారం అప్పటికే నా కోడ్ మూడుసార్లు తిరిగొచ్చింది. డబ్బాలు ఆ సాయంత్రమే కార్ఖానాలకు వెళ్లాలి. నేను మాలక్ గదిలోకి వెళ్లి, ఈయనతో పని జరగదని కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాను. మాలక్ పాడైన ఫైలు పెట్టించి చూశాడు. డబ్బా వద్దంది. ఇంకేం కావాలి?

"జావూ దే నా కాకా," అన్నాడు, పోనీయమని.

కాకా పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. రిజిస్టర్‌లో ఆ పేజీలో సంతకం పెట్టలేదు. డబ్బాలు వెళ్లిపోయాయి. నేను గెలిచాననుకున్నాను.

ఏడాదికి పైగా అవి బాగానే నడిచాయి. తర్వాత మాలక్ పెద్ద డిజైన్లు పట్టాలన్నాడు. చిప్‌లో చోటు చాలలేదు. మేం రాసిన కోడ్‌ను చిప్ భాషలోకి మార్చే కంపైలర్ అనే ప్రోగ్రాం ఉంటుంది. కోడ్‌ను వీలైనంత కుదించమని దానికి చెప్పాను. అది కుదించింది, చోటు మిగిలింది. పాత పరీక్షలన్నీ మళ్లీ చేయాలని తోచలేదు. నేను కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు కదా అనుకున్నాను. మార్చిన కోడ్ లేదు కాబట్టి కాకాకూ చూపించలేదు.

ఆ కొత్త చిప్‌లు వెళ్లిన ఇళ్లలో ఒకటి, ముందుగదిలోనే రెండు మగ్గాలు పెట్టుకున్న ఒక నేతపనివాడిది. ఆయన పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలు పాడై ఉంది. దాన్ని డబ్బాకు ఎక్కించమని మీట నొక్కి, ఆ కాస్త సమయంలో తెగిన పోగు ముడివేద్దామని చెయ్యి లోపల పెట్టాడు. డబ్బా ఆ ఫైలును వద్దనలేదు. ఆ పిచ్చి పొడవును నమ్మి, పక్కన గడుల్లో ఉన్నవన్నీ తొక్కుకుంటూ రాసుకుంటూ పోయింది. మగ్గం ఆగి ఉండాలని చెప్పే గుర్తు కూడా ఆ గడుల్లోనే ఉంది. ఆగి ఉన్న మగ్గం కదిలింది. పోగును కొట్టి బిగించే బరువు పలక ఆయన కుడిచేతి మీద పడింది. భార్య పరుగెత్తి మెయిన్ ఆపేసరికి రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. ఆ వేళ్లు మళ్లీ సరిగా వంగలేదు.

కాకా ఆ డబ్బా తెప్పించుకుని, కంపైలర్ చిప్ కోసం తయారుచేసిన దాన్నంతా ప్రింట్ తీయించాడు. రెండు రోజులు వేలు పెట్టి చదివాడు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"నువ్వు రాసింది ఇండ్ల లేదు. జూడు."

చూశాను. నా రెండో పరీక్ష లేదు. నేను రాసిన చోట ఉంది, చిప్‌లోకి వెళ్లిన చోట లేదు. కంపైలర్ అనుకున్నది ఇది: నియమం ప్రకారం పాయింటర్ వరుస దాటదు, కాబట్టి పొడవు కలిపితే అది వెనక్కి వెళ్లే ప్రశ్నే లేదు, ఎప్పటికీ నిజం కాని పరీక్షకు చోటు దండగ. తీసేసింది. కుదించమన్నది నేనే.

"కంపైలర్ తప్పు కాకా ఇది," అన్నాను.

"అది మాట తప్పలే బిడ్డా. మనమే అది ఇయ్యని మాట మీద కూసున్నం."

మనమే, అన్నాడు. "నేను అప్పుడే చెప్పిన" అంటాడని వారమంతా ఎదురుచూశాను. అనలేదు. అని ఉంటే నేను కాస్త తిట్టుకుని తేలికపడేదాన్ని. ఆ మనిషి నాకు ఆ వీలు కూడా ఇవ్వలేదు.

మాలక్ మమ్మల్నిద్దర్నీ పిలిచి, "వోల్టేజ్‌చా ప్రాబ్లెమ్ హోతా, ఏవఢంచ్ సాంగాయ్‌చ," అన్నాడు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగిందని మాత్రమే చెప్పాలన్నమాట. నేను తలూపాను. కాకా ఊపలేదు. బయటికి వచ్చాక చెప్పులు వేసుకుంటూ నన్నడిగాడు.

"నడువ్, పోయి చెప్పొద్దాం."

"నేను రాను కాకా. నౌకరి పోతది. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉన్నది."

"సరె," అని ఒక్కడే వెళ్లాడు.

ఆ నేతపనివాడు మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టడం తన తప్పేనని కుమిలిపోతున్నాడట. కాకా ఆయన మంచం పక్కన కూర్చుని, "మా డబ్బ తప్పు. కరెంట్‌ది గాదు, నీది అసలే గాదు," అని చెప్పాడట. అంతటితో ఊరుకోలేదు. ఆ చిప్ వెళ్లిన ప్రతి ఇంటికీ, ప్రతి కార్ఖానాకూ రెండు రోజులు నడిచి తిరిగాడు. కొత్త చిప్ వచ్చేదాకా మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దని ఒక్కొక్కరికీ చెప్పాడు. ఆ రెండు రోజులూ నేను వర్క్‌షాపులో కూర్చుని ఆ పంక్తి మార్చాను. పది నిమిషాల పని. మిగతా సమయమంతా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మూడోరోజు మాలక్ కాకాను బల్ల ముందు నిలబెట్టాడు. బయటివాళ్లకు చెప్పినందుకని కాదట. కోడ్ చూడాల్సిన మనిషి తప్పు చూడలేదని, వయసైపోయిందని, ఇక రావద్దన్నాడు. రిజిస్టర్ నా చేతికందేంత దూరంలో ఉంది. సంతకం లేని ఆ పేజీ తెరిచి మాలక్ ముందు పెడితే చాలు. కానీ ఆ రోజు జావూ దే అన్నది తనేనని ఆయనకూ గుర్తు చేయాల్సి వస్తుంది. నేను కదల్లేదు. కాకా నావైపు చూడలేదు కూడా. కళ్లజోడు, జెరాక్స్ కట్ట తీసుకున్నాడు. ఆయనైనా నోరు తెరిచి ఒక్క మాట అనొచ్చు కదా! ఆయన అనకపోవడం మీద నాకు ఎన్నేళ్లుగానో కోపం. నా మీద రావాల్సిన కోపాన్ని ఆయన మీదికి తిప్పుకుంటున్నానని తెలిసినా ఆపుకోలేకపోయాను.

ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. కొత్తగా చేరినవాళ్ల కోడ్ వెనక్కి ఇస్తుంటాను. "మేడమ్, నడుస్తున్నది గదా," అంటూ ఒకప్పుడు నేను చూసిన చూపే చూస్తారు. వాళ్లకు ఓపికగా చెప్పడం నాకు రాలేదు, అరుస్తాను.

కాకా పోయాడని తెలిసిన వారం, ఆదివారం నాడు ఆయన ఉండే కుంభారికి బస్సెక్కాను. కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి. నలుగురిని అడిగితే గానీ దొరకలేదు. కాకా భార్య, అంటే నాకు కాకూ, గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. నేనెవరో చెప్పగానే లోపలికి పిలిచి చాప వేసింది, మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

"ఏమనుకోకు బిడ్డా, చేతులు ఊకుంటె మనసు నిలుస్తలేదు," అని, ఆకు చుడుతూ అడిగింది. "ముప్పై యేండ్ల కాపురం. మీ తాన ఆయన జేసెటి పనేందో నాకు సమజే కాలే. అడిగితె గడులు, వేలు అంటుండె. నువ్వన్న చెప్పు."

చెప్పాను. గడులు, పాయింటర్, వరుస దాటి లెక్కగట్టకూడదని. ఆ ఇంటి గచ్చు మీద వేలు జరిపి చూపించాను. ఆమె శ్రద్ధగా విన్నది. తర్వాత ఆ నేతపనివాడి చేతి సంగతి వచ్చింది. కాకా వద్దన్న పంక్తి ఒకటి ఉందని, ఆయన సంతకం పెట్టలేదని, అయినా అది వెళ్లిపోయిందని చెప్పాను.

"మరి రాసిందెవలు?" అంది.

అన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు.

"నేనే రాసిన కాకూ."

ఆమె చేతులు ఆగాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

"నౌకరి పోయినంక ఆయన ఆర్నెల్లు బయటికి పోలే. ఎవలన్న తలుపు కొడ్తె మాత్రం నాకంటె ముందుగాల లేస్తుండె. ఎవల కోసమయ్యా అంటె చెప్పకపోతుండె." కొంగుతో చేట అంచు తుడిచింది. "కుంభారి ఏమన్న దూరమా బిడ్డా? గీ ఒక్క మాట అప్పుడొచ్చి చెప్పకపోతివి."

బస్సు వేళ అయిందని లేవాలనుకున్నాను. ఆమె ఇంకో ఆకు అందుకుంది, నేను చాప మీద అలాగే కూర్చుండిపోయాను.